పెరట్లో ఈతకొలను... నేల ఏమంటోంది?

స్థలం ఉంది, పంపించడానికి డబ్బుంది, అమెరికా నుంచి వచ్చే మనవలున్నారు. ఇక ఈతకొలను తవ్వేయడమే తరువాయి అనుకున్నారు మా మావయ్య. ముందు ఓ చిన్న గొయ్యి తీసి చూద్దామన్నాడు మేస్త్రీ. ఆ గోతిలో ఏం కనిపించిందంటే...

‘అల్లుడూ, ఓ ఆదివారం వచ్చి వెళ్లరాదూ? పెరట్లో స్విమ్మింగ్‌పూల్ కట్టిద్దామనుకుంటున్నాం...’

పోయినేడాది ఉగాదికి పది రోజుల ముందు నర్సీపట్నం నుంచి మా మావయ్య చేసిన ఫోన్ ఇది. వినగానే నవ్వొచ్చింది. ముప్ఫయ్యేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఒక్క బకెట్ నీళ్లతో స్నానం ముగించి, అందులో మిగిలిన చెంబెడూ కరివేపాకు చెట్టుకు పోసే రకం. ఆయనకు ఈతకొలనేంటి?

కారణం డాలస్‌లో ఉంది. కొడుకు ఉద్యోగం అక్కడే. పదకొండేళ్ల కూతురు, ఐదేళ్ల కొడుకు. రెండేళ్లకోసారి జూన్‌లో నెల్రోజుల సెలవు మీద వస్తారు. అందులో నర్సీపట్నానికి దక్కేది నాలుగు రోజులు. ‘అక్కడ ఏం చేస్తాం తాతా, బోర్’ అందట మనవరాలు. ఆ మాట పెద్దాయన మనసులో ముల్లులా ఉండిపోయింది. ‘డబ్బు నేను పంపిస్తా నాన్నా, స్థలం ఉందిగా’ అన్నాడు కొడుకు. స్థలం ఉన్నమాట నిజమే. 500 గజాల్లో ఇల్లు పోగా వెనక కావలసినంత పెరడు. అదీ ఈశాన్యంలో!

మావయ్య తరానికి ఈత నేర్పింది వరాహ నది. బలిఘట్టం దగ్గర ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకుని దూకేసేవాళ్లమని ఇప్పటికీ చెబుతుంటారు. ఆ తర్వాతి తరానికి నూతులు. ఇప్పటి పిల్లల్ని నదిలోకి పంపే ధైర్యం ఎవరికీ లేదు, పంపేంత నీరూ ఎప్పుడూ ఉండదు. విశాఖ అపార్టుమెంట్లలో మొదలైన ఈతకొలనులు లంబసింగి దారిలో రిసార్టుల దాకా వచ్చాయి. ఇక ఇళ్లలోకి రావడంలో వింతేముంది?

సరే, ఆదివారం బస్సెక్కా.

వాస్తు ఒప్పుకుంది... మేస్త్రీ?

నేను వెళ్లేసరికి పెరట్లో ముగ్గుతో గీతలు గీసేసి ఉన్నాయి. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. వాస్తు చూసే ఆయన వచ్చి వెళ్లారట. ‘ఈశాన్యంలో నీరు, అది కూడా పల్లంలో... ఇంతకన్నా ఏం కావాలి మాస్టారూ’ అని మెచ్చుకున్నారట. మావయ్య మొహం వెలిగిపోతోంది. పక్కనే నిలబడ్డ మేస్త్రీ మాత్రం కాలి బొటనవేలితో నేలను రాస్తూ ఏమీ మాట్లాడటం లేదు. ముప్ఫయ్యేళ్లుగా ఆ చుట్టుపక్కల నూతులు, సంపులు కడుతున్న మనిషి. కాసేపాగి అడిగాడు. ‘మాస్టారూ... ఇది అప్పట్లో వరి మడే కదండీ?’

వరి మడే. పదిహేనేళ్ల కిందట లేఅవుట్ వేసినప్పుడు మూడడుగుల మేర గ్రావెల్ తోలి ఎత్తు చేశారు. పైన చూస్తే చక్కటి ఎర్రటి నేల. కింద ఏముందో కొన్నవాళ్లెవరూ అడగలేదు.

తిరకాసంతా ఇక్కడే. ఈశాన్యంలో నీరుండాలని వాస్తు చెబుతుంది. ఈ పెరట్లో ఈశాన్యం మూల పల్లం కాబట్టి నీరు అక్కడ ఎలాగూ ఉంది... నేల కింద! మూలనున్న పాత నుయ్యే అందుకు సాక్ష్యం. తాగే నీటికి నుయ్యి తవ్వుకోవాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. కానీ ఈతకొలను నుయ్యి కాదు. నూతిలోకి నీరు ఊరాలి. ఈతకొలనులోకి బయటి చుక్క రాకూడదు, లోపలి చుక్క పోకూడదు. రెండిటికీ ఒకే మూల ఎలా కుదురుతుంది?

‘ముందు ఓ గొయ్యి తీద్దాం’ అన్నాడు మేస్త్రీ. ‘మూడడుగులు ఇటు, మూడడుగులు అటు. ఆరడుగుల లోతు. ఇద్దరు కూలీలకి ఒక పూట పని. ఆ తర్వాత మీ ఇష్టం.’

ఈతకొలను కట్టాలనుకునే ఎవరికైనా ఇంతకన్నా చవకైన సలహా దొరకదు.

గోతిలో రంగులు

తవ్వుతుంటే పొరలు బయటపడ్డాయి. మొదటి మూడడుగులూ తోలిన గ్రావెల్. దాని కింద అడుగు మందాన నల్లటి మట్టి... అందులో ఇంకా పూర్తిగా కుళ్లని వరిదుబ్బుల వేళ్లు! అంటే పైమట్టి తీయకుండానే గ్రావెల్ పరిచేశారన్నమాట. ఆ కింద జిగట బంకమట్టి. ఆరడుగుల దాకా వెళ్లినా ఒక్క చుక్క నీరు రాలేదు. నూతిలో నీరు పద్దెనిమిది అడుగుల కింద ఉంది.

‘చూశావా, పొడిగా ఉంది’ అన్నారు మావయ్య ఉత్సాహంగా.

మేస్త్రీ గోతిలోకి దిగి గోడ నుంచి గుప్పెడు మట్టి పెకలించి ఇచ్చాడు. బూడిద రంగు బంకమట్టి. అందులో అక్కడక్కడా తుప్పు రంగు మచ్చలు. గచ్చు మీద ఇనుప మేకు వదిలేస్తే పడే మరకల్లాంటివి. ‘ఇవి ఎంత ఎత్తు వరకున్నాయో, వానాకాలంలో నీరు అంత ఎత్తుకొస్తాది బాబూ’ అన్నాడు.

భూగర్భ శాస్త్రం చదవని మనిషి చెప్పిన ఈ మాటకు శాస్త్రంలో ఆధారం ఉంది. నేల నెలల తరబడి నీటిలో నానితే మట్టి రేణువుల మధ్య గాలి ఉండదు. మట్టిలోని ఇనుము కరిగి కదిలిపోతుంది, నేల బూడిద రంగుకు తిరుగుతుంది. నీరు దిగిపోయి గాలి తగిలినప్పుడు ఆ ఇనుమే తుప్పు మచ్చలుగా పేరుకుంటుంది. బూడిద రంగులో తుప్పు మచ్చలు ఉన్నాయంటే ఆ లోతు దాకా ఏటా నీరు ఎక్కి దిగుతోందని అర్థం. మార్చిలో తవ్వినా జులై సంగతి తెలిసిపోతుంది. మావయ్య గోతిలో ఆ మచ్చలు బంకమట్టి మొదలైన దగ్గర్నుంచే, అంటే నాలుగడుగుల లోతు నుంచే ఉన్నాయి. ఆ పైనున్నది తెచ్చిపోసిన గ్రావెల్, పాత మడి పైమట్టి. ఆ పైన నీరు ఎంత ఎక్కుతుందో చెప్పడానికి మచ్చలు చాలవు.

ఇదే ఊళ్లో చింతపల్లి రోడ్డు వైపు, కొండవాలు మెట్ట భూమిలో గొయ్యి తీస్తే కథ వేరేలా ఉండేది. తూర్పు కనుమల పాదాల దగ్గర అడుగున ఉండేది ఎక్కువగా ఖోండలైటు రాయి. ఒడిశా, ఉత్తరాంధ్ర కొండల్లోని ఖోండు తెగ పేరు మీదే దానికా పేరు వచ్చింది. యుగాల తరబడి వానకు ఎండకు చివికి అది ఎర్రమట్టిగా, గ్రావెల్‌గా మారింది. అలాంటి సహజమైన గట్టి గ్రావెల్ ఈతకొలనుకు మంచి నేల. తవ్విన గోడ నిటారుగా నిలబడుతుంది, బరువు మోస్తుంది, నీరు నిలవదు. అలాగని అక్కడా అన్నీ అనుకూలమని కాదు. నాలుగడుగులకే గట్టి రాయి తగిలిందంటే జేసీబీ పళ్లు అరిగిపోతాయి. కంప్రెసర్ తెచ్చి రాయి కొట్టించాలి. ఇళ్ల మధ్య పేలుళ్లు కుదరవు. సగం రాయి మీద, సగం పోసిన మట్టి మీద కొలను కూర్చుంటే మరీ ప్రమాదం. రాయి కదలదు, మట్టి దిగుతుంది. మధ్యలో కాంక్రీటు పగులుతుంది.

గొయ్యి తీయకముందే కొంత సమాచారం కాగితాల్లో దొరుకుతుంది. పాత అడంగల్ తీసి చూస్తే ఆ సర్వే నంబరు మాగాణా, మెట్టా తెలుస్తుంది. ఆ పక్క నుంచి గెడ్డ గానీ, పంట కాలువ గానీ పోయేదేమో ఎఫ్‌ఎంబీ పటం చూపిస్తుంది. కాగితాలకన్నా మంచి సాక్షులు ఆ వీధిలోని ముసలివాళ్లు. ‘మా చిన్నప్పుడు ఇక్కడ చేపలు పట్టేవాళ్లం’ అన్నారంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

మట్టి ఉబ్బే గుణం ఎంతో కూడా చూడాలి. నల్లరేగడి లాంటి నేలలు తడిస్తే ఉబ్బుతాయి, ఎండితే బీటలు తీస్తాయి. ఆ కదలికకు కొలను గోడ నలిగిపోతుంది. ల్యాబుల్లో దీనికో తేలికైన పరీక్ష ఉంది. పొడిచేసి జల్లించిన మట్టిని పది గ్రాముల చొప్పున రెండు కొలపాత్రల్లో వేసి, ఒకదాంట్లో నీరు, రెండోదాంట్లో కిరోసిన్ పోసి 24 గంటలు వదిలేస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీటిలోని మట్టి దానికన్నా సగానికి పైగా ఎక్కువ ఎత్తుకు చేరితే జాగ్రత్త పడాల్సిన నేల. ఐ.ఎస్. 2720 ప్రమాణంలోని నలభయ్యో భాగం ఈ పరీక్ష గురించే. మావయ్య నమూనా ఆ హద్దుకు కాస్త ఇవతలే ఆగింది. పాసే గానీ, గ్రేసు మార్కులతో!

కాంక్రీటు కూడా తేలుతుంది

అందరికీ నమ్మశక్యం కాని సంగతి ఒకటుంది. ఖాళీ ఈతకొలను పడవలా పైకి తేలుతుంది. మేస్త్రీ చెబితే మావయ్య కొట్టిపారేశారు. ‘కాంక్రీటు తేలడమేంటయ్యా’ అని. ఆ తర్వాత ఆయనే క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో లెక్క వేశారు. లెక్కల మాస్టారు కదా!

లోపలి కొలతలు 20 అడుగులు, 10 అడుగులు. గోడ ఎత్తు నాలుగున్నర అడుగులు. గోడలు, అడుగు ఎనిమిది అంగుళాల మందం. ఇందులో పట్టే కాంక్రీటు పది ఘనపు మీటర్లకు కొంచెం తక్కువ. ఘనపు మీటరు రెండున్నర టన్నులు. అంటే కొలను బరువు సుమారు 24 టన్నులు. ఇప్పుడు చుట్టూ ఉన్న నేలలో నీరు పైదాకా ఊరిందనుకుందాం. కొలను ఆక్రమించిన చోటులో పట్టే నీటి బరువు సుమారు 35 టన్నులు. ఆర్కిమెడిస్ తొమ్మిదో తరగతిలో చెప్పిందే. 24 కింద పెట్టి 35 పైకి తోస్తే ఏమవుతుంది?

నేల మట్టానికి అడుగున్నర దగ్గరికి నీరు చేరినప్పుడే ఈ తూకం సమానమవుతోంది. ఆ పైన ప్రతి అంగుళమూ ప్రమాదమే. కొలను నిండుగా ఉన్నంతకాలం భయం లేదు, లోపలి నీటి బరువు తొక్కిపట్టి ఉంచుతుంది. పాచి పట్టిందనో, టైలు ఊడిందనో వానాకాలంలో ఖాళీ చేశారా... ఓ మూల లేస్తుంది, పైపులు తెగుతాయి, గచ్చు విచ్చుకుంటుంది. మళ్లీ కిందికి దించడం ఎవరి తరమూ కాదు.

దీనికి ఉపాయాలు లేకపోలేదు. అడుగున కంకర పరిచి, ఊరిన నీరు ఓ మూల గుంతలోకి చేరేలా పైపులు వేసి, అక్కడి నుంచి మోటారుతో తోడేయొచ్చు. కింది నీటి ఒత్తిడి పెరిగితే తెరుచుకుని నీటిని కొలనులోకే వదిలే వాల్వులూ ఉన్నాయి. అడుగు మందం పెంచి బరువు చేయొచ్చు. అన్నీ ఖర్చే. తుపాను రాత్రి కరెంటు పోయినప్పుడు ఆ మోటారు ఆడదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ జిల్లాల్లో ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో ఎవరూ మర్చిపోలేదు.

ఆ క్యాలెండర్ కాగితం చూశాక మావయ్య ఓ నిర్ణయానికొచ్చారు. గొయ్యి పూడ్చకుండా వానాకాలం దాకా అలాగే ఉంచాలి. మరి ఎవరైనా పడిపోతే? అత్తయ్య ఒప్పుకోలేదు. చివరికి తాటిపట్టెలు అడ్డంగా వేసి, చుట్టూ ముళ్లకంప కట్టి, పక్కింటి మేకల్ని కూడా దృష్టిలో పెట్టుకుని తలుపులాంటిది బిగించారు. నూతి గిలకకు వేలాడే తాడుకు అడుగుకో ముడి వేసి, ప్రతి ఆదివారం నీరెంత లోతులో ఉందో పుస్తకంలో రాయడం మొదలుపెట్టారు.

నలభై రెండు రోజుల నీళ్లు

నాలుగడుగుల లోతున నీరు నింపితే ఈ చిన్న కొలనులో పట్టేది దాదాపు 22,600 లీటర్లు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్నది మన దేశంలో నీటి సరఫరాకు పెట్టుకున్న కొలమానం. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి ఇది 42 రోజుల నీరు. ఐదు వేల లీటర్ల ట్యాంకరైతే నాలుగున్నర ట్యాంకర్లు.

ఒకసారి నింపితే అయిపోతుందా? అదీ కాదు. ఎండాకాలంలో రోజుకు ఆరు మిల్లీమీటర్లు ఆవిరవుతుందనుకున్నా 110 లీటర్లు గాలిలో కలిసిపోతాయి. నెలకు 3,300. వడపోత యంత్రాన్ని కడగడానికి వారానికి మరికొన్ని వందల లీటర్లు. పిల్లలు ఎగరేసేది, ఒంటికి అంటించుకుపోయేది అదనం. అందుకే బోరు సత్తువ చూడాల్సింది నవంబరులో కాదు, మే నెలాఖర్లో. రెండు వందల లీటర్ల డ్రమ్ము పెట్టి, మోటారు వేసి, గడియారం చూడండి. నాలుగు నిమిషాల్లో నిండితే గంటకు 3,000 లీటర్లు. అలా ఆగకుండా ఎనిమిది గంటలు పోస్తేనే కొలను నిండుతుంది. చాలా బోర్లు మొదటి గంట బాగానే పోసి, రెండో గంటకు గాలి కక్కుతాయి. కొత్త బోరు వేద్దామంటే 2002 నాటి వాల్టా చట్టం ఉంది, అనుమతి తీసుకోవాలి. చట్టం సంగతి అటుంచి, వీధి కుళాయి దగ్గర బిందెలు వరసకట్టిన మే నెలలో మన పెరట్లోకి ట్యాంకర్లు వస్తుంటే ఇరుగుపొరుగు మొహం ఎలా చూస్తామన్నది అత్తయ్య అడిగిన ప్రశ్న. దానికి ఏ ఇంజినీరూ జవాబు చెప్పలేడు.

నీరెలాంటిదో కూడా చూసుకోవాలి. ఇనుము ఎక్కువున్న బోరు నీటిలో క్లోరిన్ వేయగానే కొలనంతా టీ డికాషన్ రంగుకు తిరుగుతుంది. కాఠిన్యం ఎక్కువైతే టైళ్ల మీద, పైపుల్లో తెల్లటి పెచ్చులు కడుతుంది. ఓ సీసా నీరు ముందే ల్యాబుకు పంపితే సరిపోయేదానికి, తర్వాత ఏళ్ల తరబడి రసాయనాలు కొనాల్సొస్తుంది.

చుట్టూ ఓసారి చూడండి

ఇక మిగిలినవి పెరట్లో నిలబడి నలువైపులా చూస్తే తెలిసేవే. ఇంటి పునాదికి మరీ దగ్గరగా తవ్వకూడదు. పునాది అడుగు నుంచి ఏటవాలుగా, 45 డిగ్రీల్లో కిందికి ఓ గీత ఊహించుకోండి. ఆ గీతకు ఇవతలే మన గొయ్యి ఉండాలి. పక్కింటి పునాదికీ ఇదే సూత్రం. ఆ గోడకు పగులొస్తే పంచాయితీ మనింటికే వస్తుంది. సెప్టిక్ ట్యాంకు, దాని ఇంకుడు గుంత కొలనుకు ఎగువన ఉండకూడదు. నెత్తిన కరెంటు తీగలు పోతుంటే అక్కడ కొలను ఊసే ఎత్తొద్దు. తడి చేతులతో తిరిగే చోట ప్రతి స్విచ్చుకూ, మోటారుకూ ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్లకే తెగిపడే ఆర్సీసీబీ తప్పనిసరి.

చెట్లంటే మావయ్యకు ప్రాణం. పెరట్లో ఓ మామిడి, రెండు కొబ్బరి, గోడవతల పొరుగువారి చింత. చింతాకు ఎంత సన్నగా ఉంటుందో తెలుసుగా, రోజూ వడపోత జల్లెడ నిండా అదే! కొట్టేస్తే నీడ పోతుంది, ఉంచితే వేళ్లు గోడల్లోకి వస్తాయి. దీనికి రాజీమార్గం లేదు, దూరం జరగడమే.

తవ్వే యంత్రం రావడానికి దారి కూడా ఉండాలి. జేసీబీకి కనీసం ఎనిమిదడుగుల సందు కావాలి. ఈ కొలనుకు బయటికి తోలాల్సిన మట్టి, పని చేసుకునే చోటుతో కలిపి, దాదాపు పాతిక ట్రాక్టర్లు. మావయ్య ఇంటి పక్క సందు ఐదడుగులు. అంటే గోడ పడగొట్టాలి, లేదా మనుషులతో మోయించాలి. ముగ్గుపిండితో గీతలు గీసినప్పుడు ఇది ఎవరికీ తట్టలేదు. ప్లానులో కొలనును చూపించి మున్సిపాలిటీ టౌన్‌ప్లానింగ్ విభాగంలో అడిగి తెలుసుకోవడం కూడా ఈ దశలోనే చేయాల్సిన పని.

ఖాళీ చేసిన నీరు ఎటు పోతుందన్నది ఇంకో ప్రశ్న. మొహంజొదారోలోని మహా స్నానవాటిక చూడండి. 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, దాదాపు రెండున్నర మీటర్ల లోతు. నాలుగున్నర వేల ఏళ్ల కిందట కట్టినవాళ్లు ఇటుకల్ని జిప్సం సున్నంతో బిగించి, వెనక తారు పూసి నీరు ఇంకకుండా చేశారు. నింపడానికి పక్క గదిలో నుయ్యి ఉంది. వదలడానికి ఓ మూల తూము, మనిషి నడిచేంత పెద్ద కాలువ ఉన్నాయి. మన వీధి చివరి సైడు కాలువ మామూలు వానకే పొంగిపొర్లుతుంటే 22 వేల లీటర్లు ఒక్కసారిగా ఎక్కడికి వదులుతాం? క్లోరిన్ నీరు మొక్కలకు పోయాలన్నా కొన్నాళ్లు ఎండలో ఊరికే ఉంచి, క్లోరిన్ పోయాకే పోయాలి.

ఐదేళ్ల పిల్లాడు

ఇన్ని లెక్కల మధ్య అసలు లెక్క చివర్లో గుర్తొచ్చింది. కొలను ఎవరికోసం? పిల్లలకోసం. పిల్లలుండేది ఎన్నాళ్లు? ఏడాదిలో నెల. మిగతా పదకొండు నెలలూ ఆ పెరట్లో తిరిగేది ఎవరు? పనిమనిషి వెంట వచ్చే మూడేళ్ల పాప, ప్రహరీ దూకి మామిడికాయలకొచ్చే వీధి పిల్లలు.

2021లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందులో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలే. మునిగే పిల్లాడు సినిమాల్లోలా కేకలు వేయడు. చప్పుడు లేకుండా జారిపోతాడు, అదీ పెద్దవాళ్లు ఫోన్ ఎత్తి పెట్టేంత సమయంలో. అందుకే ఇళ్లలో ఈతకొలనులు ఎక్కువగా ఉండే ఆస్ట్రేలియాలో కొలను చుట్టూ కనీసం 1.2 మీటర్ల కంచె ఉండాలి. కడ్డీల మధ్య సందు పది సెంటీమీటర్లు మించకూడదు. గేటు తనంతట తానే మూసుకుని గడియ పడాలి. ఫ్రాన్స్ 2003లో చట్టం చేసి, సొంత ఈతకొలనులకు కంచె గానీ, కప్పు గానీ, అలారం గానీ తప్పనిసరి చేసింది.

కాబట్టి స్థలం సరిపోతుందా అని కొలిచేటప్పుడు కొలనును మాత్రమే కొలిస్తే సరిపోదు. చుట్టూ నడిచే గట్టు, దాని చుట్టూ కంచె, వడపోత యంత్రం గది... వీటిని కలుపుకోవాలి. 20కి 10 అడుగుల కొలనుకు చుట్టూ నాలుగేసి అడుగుల గట్టు వేస్తేనే 28కి 18 అవుతుంది. వంటింటి కిటికీలోంచి కొలను కనబడాలి. మావయ్య గీసిన చోటు వంటింట్లోంచి కనబడదు, అడ్డంగా మామిడి చెట్టుంది. ‘నేను పప్పు తాలింపేస్తూ పిల్లాణ్ని ఎలా చూస్తానురా’ అని అత్తయ్య అన్నప్పుడు, అప్పటిదాకా బుర్రలోకి ఎక్కనిది ఒక్కసారిగా ఎక్కింది.

ఆగస్టు ఆదివారం

జూన్‌లో పిల్లలొచ్చారు. కొలను లేదు. కొడుకు విశాఖలో కొనుక్కొచ్చిన రెండున్నర అడుగుల ఫ్రేమ్ పూల్‌ను... అదే, ఇనుప గొట్టాల మీద ప్లాస్టిక్ షీటు బిగించే రకం... వంటింటి కిటికీ ఎదురుగా మామిడి నీడలో పెట్టారు. నీరు నూతిలోంచే తోడారు. సాయంత్రాలు దాని మీద పట్టా కప్పి తాళ్లు బిగించడం మావయ్య పని. నాలుగు రోజులనుకున్నవాళ్లు పదకొండు రోజులున్నారు. అందులో ఎన్ని రోజులు ఆ నీళ్ల వల్లో, ఎన్ని రోజులు మామిడిపళ్ల వల్లో చెప్పడం కష్టం.

వానలు మొదలయ్యాయి. జులై రెండో వారంలో గోతి అడుగున చెమ్మ. నెలాఖరుకు అడుగు నీరు. ఆగస్టులో నాలుగు రోజుల ముసురు పట్టాక ఓ ఆదివారం ఉదయాన్నే ఫోన్. ‘అల్లుడూ, గోతిలో నీరు పైనుంచి ఇరవై అంగుళాల్లో ఉంది. నా లెక్కలో హద్దు పద్దెనిమిది. రెండంగుళాలే తేడా!’ ఆ గొంతులో దిగులుకన్నా లెక్క సరిగ్గా వచ్చిన సంతోషమే ఎక్కువగా వినిపించింది.

పూర్తిగా వదిలేశారా అంటే వదల్లేదు. నేలలో ఒకటిన్నర అడుగులే దించి మిగతాది పైకి కడితే తేలే భయం ఉండదంటున్నాడు మేస్త్రీ. అలా కట్టాలంటే తోలిన గ్రావెల్‌ను, దాని కింది మడి మట్టిని తీసేసి, మళ్లీ పొరలు పొరలుగా దిమ్మిస చేయాలి. నీరు నిండాక అక్కడ పడే బరువు 47 టన్నులు. ఆ డ్రాయింగు కోసం విశాఖలో ఓ స్ట్రక్చరల్ ఇంజినీర్ని కలిశారు. నీరు నిలవుంచే కాంక్రీటుకు ఐ.ఎస్. 3370, ఈతకొలను వాటర్‌ప్రూఫింగ్‌కు ఐ.ఎస్. 6494 అనే ప్రమాణాలున్నాయని తెలుసుకుని, వాటి పేర్లు తాడు ముడుల పుస్తకంలో మొదటి పేజీలో రాసుకున్నారు. ఇంకో వర్షాకాలం చూశాకే పని మొదలుపెడతారట. చోటు మాత్రం మారింది. వంటింటి కిటికీ ఎదురుగా, ఆగ్నేయానికి దగ్గరగా. వాస్తు చూసే ఆయనకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

గొయ్యి అలాగే ఉంది, పట్టెల కింద కప్పలు చేరాయి. ఆదివారం రాత్రి డాలస్ నుంచి వీడియో కాల్ వస్తే మనవరాలు మొదట అడిగేది ఒకటే... ‘తాతా, ఇవాళ ఎన్ని ముడులు?’